వాన లెక్కతోపాటు తప్పిన లెక్కా చెప్పండి

భారత వాతావరణ శాఖ డైరెక్టర్ జనరల్ గారికి,
మౌసమ్ భవన్, లోధీ రోడ్, న్యూఢిల్లీ.

అయ్యా,

బాగేపల్లి తాలూకా నుంచి రాస్తున్నాను. మీ పటంలో మేం దక్షిణ అంతర్గత కర్ణాటక అనే ఉపవిభాగంలో ఈశాన్య మూలన ఉంటాం. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి 2007 దాకా కోలారు జిల్లా తాలూకాలు. ఇప్పుడు చిక్కబళ్లాపురమే జిల్లా. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, సంతలో రెండూ. ఏడాది పొడవునా పారే ఏరు ఒక్కటీ లేదు. నంది కొండల చుట్టుపక్కల పుట్టే పెన్న, చిత్రావతి, పాపాఘ్ని మా పొలాల పక్కనుంచే ఆంధ్రకు వెళ్లిపోతాయి, అదీ వాన పడితేనే. బోరు వెయ్యి అడుగులు దాటినా నీళ్లు పడతాయన్న భరోసా లేదు. ఇలాంటి నేల మీద వాన ఎప్పుడు, ఎంత అన్న ప్రశ్నే మా సేద్యమంతా.

అడగదలిచింది ఒక్కటే కాబట్టి ముందే అడిగేస్తాను. మా తాలూకాలకు మీరు ఇచ్చిన వాన అంచనా ఎన్నిసార్లు నిలబడింది, ఎన్నిసార్లు తప్పింది? ఆ లెక్కను అంచనా పక్కనే పెట్టి మాకు ఇవ్వండి. రేపటి వానను మీరు పదిలో ఎన్ని పాళ్ల నమ్మకంతో చెప్తున్నారో అది కూడా ఇవ్వండి. ఇంతకంటే సన్నని గళ్లు, ఇంతకంటే పెద్ద కంప్యూటర్ మేం అడగడం లేదు.

మీ శాఖ పుట్టింది 1875లో. 2025 జనవరిలో నూటయాభై ఏళ్ల పండగ చేసుకున్నారు. అదే ఏడాది మే 26న భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ మొదలైంది. పుణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ, అంటే ఐఐటీఎం, తయారుచేసిన ఈ మోడల్‌తో 12 కిలోమీటర్ల గడి 6 కిలోమీటర్లకు దిగింది. అక్కడి ‘అర్క’ సూపర్ కంప్యూటర్ మీద అది నడుస్తోంది. అంతకుముందే, 2024 అక్టోబరులో, పంచాయతీ స్థాయి అంచనాలు వచ్చాయి. ఇప్పుడు ఫోన్‌లో మా పంచాయతీ పేరు నొక్కితే రాబోయే రోజుల వాన కనబడుతుంది. మా ఊరి పేరు ఢిల్లీ తెర మీద కనబడటం సంతోషమే. బాగేపల్లి పేరునే భాగ్యనగరగా మారుస్తామని 2025లో మంత్రివర్గం నంది కొండ మీద కూర్చుని తీర్మానించింది కూడా. పేరు ఏదైనా, దాని పక్కన మీరు వేసే అంకె సంగతే నాకు కావాలి.

మా దగ్గర ఆ అంకె రాబట్టడం ఎంత కష్టమో మీకు వివరించడం హనుమంతుడి ముందు కుప్పిగంతులు వేయడమే. ఈ లేఖ మీతోపాటు మా ఊళ్లవాళ్లూ చదువుతారు కాబట్టి వాళ్లకోసం కాస్త చెప్పుకోనివ్వండి.

కంప్యూటర్ మోడల్ చేసేది మంత్రం కాదు. గాలినంతా గళ్లుగళ్లుగా కోసి, ఒక్కో గడిలో గాలి వేగం, వేడి, తేమ, ఒత్తిడి ఇప్పుడెంతో నింపుతారు. కొన్ని నిమిషాల తర్వాత అవి ఎలా మారతాయో భౌతిక సూత్రాల ప్రకారం లెక్కకడతారు. వచ్చిన జవాబు మీద మళ్లీ లెక్క. ఇలా పది రోజుల దాకా పోతారు. 1922లో లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ అనే ఇంగ్లిషాయన ఈ పనిని మనుషులచేత చేయిస్తే 64,000 మంది లెక్కలు కట్టేవాళ్లు కావాలని ఊహించాడు. 1950లో అమెరికాలో ఎనియాక్ కంప్యూటర్ ఆ పనిని మొదటిసారి చేసి చూపింది.

ఈ విద్య పుట్టిపెరిగింది చల్లని దేశాల్లో. అక్కడ చల్లగాలి, వేడిగాలి కలుసుకునే చోట వాతావరణం మారుతుంది. భూమి తిరగడం వల్ల గాలికి వచ్చే మళ్లింపు అక్కడ బలంగా ఉంటుంది. అందువల్ల ఒత్తిడి పటం చూస్తే గాలి ఎటు వీస్తుందో చాలావరకు తెలిసిపోతుంది. భూమధ్యరేఖ వైపు వచ్చేకొద్దీ ఆ మళ్లింపు బలం సన్నగిల్లుతుంది. చోటుకీ చోటుకీ వేడిలో తేడా కూడా అంతగా ఉండదు. ఉష్ణమండలంలో గాలిని నడిపే ఇంధనం మేఘంలో ఉంది. ఆవిరి నీటిచుక్క అయ్యేటప్పుడు వేడిని వదులుతుంది, ఆ వేడికి గాలి పైకి లేస్తుంది, లేచిన గాలి చుట్టుపక్కల తేమను లాక్కుంటుంది, మళ్లీ మేఘం. అందుకే ఇక్కడ మేఘం లెక్క తప్పితే వానతోపాటు గాలి లెక్క కూడా తప్పుతుంది.

ఆ మేఘమేమో గడికంటే చిన్నది. 12 కిలోమీటర్ల గడిలో 3 కిలోమీటర్ల మేఘం పట్టుబడదు. కాబట్టి మేఘాన్ని నేరుగా లెక్కకట్టరు. ఆ గడిలో వేడీ తేమా ఇంత ఉంటే మేఘాలు ఇంత పని చేసి ఉంటాయని ఉజ్జాయింపుగా కలుపుతారు. 1974లో అకియో అరకావా, వేన్ షూబర్ట్ ఇద్దరూ ఈ ఉజ్జాయింపుకు ఒక పద్ధతి కట్టారు. మీరు వాడుతున్న జీఎఫ్ఎస్ (గ్లోబల్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్) వంశపు మోడళ్లలో దాని సులువు రూపాలు ఏళ్లతరబడి నడిచాయి. ఈ ఉజ్జాయింపులకు ప్రపంచమంతటికీ తెలిసిన రెండు జబ్బులున్నాయి. మోడల్‌లో వాన తరచుగా, కొంచెం కొంచెంగా కురుస్తుంది. నిజంగా అది అరుదుగా, కుమ్మరించినట్టు కురుస్తుంది. రెండోది వేళ. నేల వేడెక్కగానే మోడల్ తొందరపడి మధ్యాహ్నానికే వాన కురిపించేస్తుంది. మా దగ్గర మే నెలలోనూ, సెప్టెంబరు అక్టోబరుల్లోనూ మబ్బు సాయంత్రం కట్టి, పొద్దుగూకాక కురిసి, ఒక్కోసారి అర్ధరాత్రి దాకా ఉరుముతుంది.

ఈ రెండు జబ్బులూ కలిసి చింతామణి టమాటా రైతు దగ్గరికి ఎలా వస్తాయో చూడండి. మంగళ, శుక్రవారాల్లో వచ్చే మీ వ్యవసాయ బులెటిన్‌లో ఐదు రోజులకు ఐదు అంకెలుంటాయి. బుధవారం 4 మిల్లీమీటర్లు అని ఉందనుకుందాం. ఆ నాలుగు ఒక పెద్ద విస్తీర్ణానికి సగటు. నిజానికి ఆ సాయంత్రం ఒక ఊళ్లో 30 మిల్లీమీటర్లు పడి, పక్క ఊళ్లలో దుమ్ము కూడా అణగదు. నాలుగు మిల్లీమీటర్లు మాత్రం ఏ ఊళ్లోనూ పడదు. అంగమారికి మందు కొట్టాలా వద్దా అని చూస్తున్నవాడికి ఆ అంకెతో పనేముంది? కొట్టిన రెండు గంటలకే వాన వస్తే మందు, కూలి రెండూ నీళ్లపాలు. వానకు భయపడి ఆగితే తెగులు ముందుకు పోతుంది. అతనికి కావాల్సింది ఒకటే మాట: ఈ పూట వాన పడే పాలు పదికి ఎన్ని?

నంది కొండల కింద ద్రాక్ష తోటలవాళ్లదీ ఇదే గోడు. పండు రంగు తిరిగే వేళ వాన పడితే కాయ పగులుతుంది. నాలుగు రోజులు ముందే తక్కువ ధరకు కోసి అమ్ముకోవాలా, ఆగాలా? శిడ్లఘట్ట వైపు పట్టు పురుగులు పెంచేవాళ్లు తడిసిన మల్బరీ ఆకు వేస్తే పురుగుకు రోగం తగులుతుందని వాన ముందే ఆకు కోసి పెట్టుకుంటారు. ఒకే వానకు ఒక్కొక్కరి లెక్క ఒక్కో తీరు. కాబట్టి ‘వాన ఉంది’, ‘వాన లేదు’ అని మీరే తేల్చి చెప్పేస్తే అందరికీ సరిపోదు. పాళ్లు చెప్తే ఎవరి నష్టాన్ని బట్టి వాళ్లు తేల్చుకుంటారు.

ఆ పాళ్లు కొత్తగా పుట్టించనక్కర్లేదు. అవి మీ దగ్గర ఉన్నాయి. 2018 జూన్ నుంచి మీ సమూహ మోడల్ ఒకే రోజు వాతావరణాన్ని కొద్దికొద్ది తేడాలతో 21 సార్లు లెక్కకడుతోంది. మొదట్లో ఉన్న చిన్న తేడా పోనుపోనూ ఎంత పెద్దదవుతుందో వాతావరణ శాస్త్రవేత్త లోరెంజ్ 1963లోనే చూపించాడు, అందుకే ఈ ఏర్పాటు. 21 లెక్కల్లో 15 వాన అంటే ఒక సంగతి, 6 అంటే ఇంకో సంగతి. కంప్యూటర్ దగ్గర ఇంత వివరంగా ఉన్నది మా దగ్గరికి వచ్చేసరికి ఒక్క అంకె అయిపోతోంది. దారిలో ఎవరో మా తెలివి మీద నమ్మకం లేక మిగతాదంతా తీసేసినట్టుంది.

ఇక మా ఆకాశం గురించి. ఇది మీకు తెలిసిందే అయినా, మావాళ్లకు తెలియాల్సిన గొప్ప సంగతి. నంది కొండ ఎత్తు 1,478 మీటర్లు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సోమాలియా తీరం మీదుగా అరేబియా సముద్రం దాటి వచ్చే పడమటి గాలి ప్రవాహం బలంగా ఉండేది సరిగ్గా సుమారు కిలోమీటరున్నర ఎత్తులోనే. దక్షిణ భారతం మీద ఈ గాలిని 1966లో పి.వి. జోసెఫ్, పి.ఎల్. రామన్ గుర్తించారు. మూడేళ్లకు ఫిండ్‌లేటర్ దాని ఆఫ్రికా మూలాన్ని చూపించాడు. ఆషాఢంలో నంది కొండ మీద నిలబడితే చొక్కా పట్టుకుని లాగే గాలి అదే. అక్కడినుంచి ఇంకో 13 కిలోమీటర్లు పైకి పోతే గాలి తిరగబడి తూర్పునుంచి పడమరకు వీస్తుంది, గంటకు 100 కిలోమీటర్లు దాటి. ఉష్ణమండల తూర్పు జెట్ ప్రవాహం ఇది. చెన్నై అక్షాంశానికి దగ్గరలో పోతుంది కాబట్టి చిక్కబళ్లాపురం దాని దారిలోనే ఉంది. దీన్ని కనిపెట్టి 1958లో లోకానికి చెప్పింది తెలుగువారైన పంచేటి కోటేశ్వరం గారు. తర్వాత ఆయన మీరు కూర్చున్న కుర్చీలోనే కూర్చున్నారు. కంప్యూటర్లు లేని రోజుల్లో, బెలూన్లు మోసుకొచ్చిన కొలతలతో, ఒక ఖండం మీద పారే గాలినదిని ఆయన గీసి చూపించారు.

ఈ రెండు గాలులనూ నేటి మోడళ్లు బాగా పట్టుకుంటాయి. వేల కిలోమీటర్ల పొడవున్న వాటిని పట్టడంలో వాటికి సాటి లేదు. వాటి మధ్య మా మీద కురిసే వాన దగ్గరే తడబాటు. పడమటి కనుమలు అరేబియా తేమను ముందే పిండేస్తాయి, మాకు మిగిలేది గాలి. దేశానికంతా వానాకాలం జులైలో ముదిరితే, మాకు వానలు ముదిరేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. ఇంకో తమాషా ఉంది. రుతుపవన ద్రోణి హిమాలయాల అడుగుకు జరిగిపోయి, ఢిల్లీ పత్రికలు ‘రుతుపవనాలకు విరామం’ అని రాసే రోజుల్లో ఆగ్నేయ ద్వీపకల్పంలో వానలు పుంజుకుంటాయి. తమిళనాడుకు, దాని అంచునున్న మాకు ఆ రోజుల్లోనే సాయంత్రపు ఉరుములు. దేశానికి ‘బాగుంది’ అన్న వారం మాకు ఎండు వారం కావచ్చు, దేశానికి ‘బాగాలేదు’ అన్నది మాకు పదును కావచ్చు. దేశం మొత్తానికి వేసిన మార్కు మాకు వర్తించదని చెప్పడానికే ఇదంతా.

మార్కుల మాట వచ్చింది కాబట్టి 2023 చెప్తాను. ఆ ఏప్రిల్‌లో మీరు రుతుపవన వాన దీర్ఘకాలిక సగటులో 96 శాతం ఉంటుందన్నారు, ఐదు శాతం అటూ ఇటూ. చివరికి 94 వచ్చింది. లెక్క ప్రకారం నిలబడ్డారు. కానీ ఆ లోపలే ఆగస్టు పోయింది. 1901 తర్వాత దేశం అంత ఎండు ఆగస్టును చూడలేదు, 36 శాతం లోటు. సెప్టెంబరులో కర్ణాటక 195 తాలూకాలను కరువు తాలూకాలుగా ప్రకటించింది. ఊడలు దిగే వేళ శెనక్కాయకు వాన లేకపోతే, జులైలోనూ సెప్టెంబరులోనూ పడి సగటు సరిచేసిన వాన ఎవరికి కావాలి? మీ పుస్తకంలో ఒప్పుగా నమోదైన ఏడాది మా పుస్తకంలో అప్పుగా నమోదైంది. 

ఒప్పుకోవాల్సింది కూడా ఒప్పుకుంటాను. 2021 నవంబరు లాంటివి మీరు బాగా చెప్తున్నారు. బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం నవంబరు 19న చెన్నై, పుదుచ్చేరిల మధ్య తీరం దాటింది. వందల కిలోమీటర్ల వెడల్పున్న అలాంటి సుడులను మోడళ్లు నాలుగైదు రోజుల ముందే పసిగడుతున్నాయి. ఆ వానకు కోతకొచ్చిన రాగి నేలకొరిగి వెన్నుల్లోనే మొలకలెత్తింది. ఏళ్లుగా ఎండిన చెరువులు మరవ పారాయి. మా దగ్గర పుట్టిన చిత్రావతి అనంతపురం జిల్లాలో పొంగి, అందులో చిక్కినవాళ్లను వైమానిక దళం హెలికాప్టర్‌తో తీసుకురావాల్సి వచ్చింది. కమలాపురం దగ్గర పాపాఘ్ని మీద వంతెన కూలింది. మీ బులెటిన్ రాష్ట్రాల గీతల దగ్గర ఆగుతుంది, ఏరు ఆగదు. బాగేపల్లిలో కురిసింది పుట్టపర్తికి, చింతామణి పైన కురిసింది కడపకు పోతుందన్నది ఎవరో ఒకరు ఒకే కాగితం మీద రాయాలి.

అంటే వాయుగుండానికి మీ మార్కు ఎక్కువ, సాయంత్రపు ఉరుముల వానకు తక్కువ. మాకు ఇది అనుమానమే, మీ దగ్గర రుజువే ఉండి ఉంటుంది. ఇటీవలి ఏళ్లలో అంచనాల కచ్చితత్వం 40–50 శాతం మెరుగుపడిందని మీ శాఖ చెబుతోంది. నమ్ముతాను. ఏ వానలో మెరుగుపడింది, ఏ నెలలో, మా గడిలో ఎంత? 6 కిలోమీటర్ల గడి అన్నంత మాత్రాన 6 కిలోమీటర్ల నిజం రాదని మీ శాస్త్రవేత్తలే చెప్తారు. గడికి ఐదారు రెట్లు, ఆపైన ఉన్న ఆకారాలనే మోడల్ నమ్మకంగా చూపగలదు. ఆ లెక్కన అది చూడగలిగింది 30, 40 కిలోమీటర్ల మేర. చిక్కబళ్లాపురంనుంచి చింతామణికి ఉన్న దూరం అంత. మరి పంచాయతీ పేరు పక్కన వేసిన అంకె ఎంతవరకు ఆ పంచాయతీది? జల్లెడ కన్ను చిన్నదైనంత మాత్రాన రాళ్లు లేని బియ్యం వచ్చాయని చెప్పలేం, చెరిగినవాళ్లు చూసి చెప్పాలి.

చూసి చెప్పడానికి కర్ణాటకలో ఉన్నంత వసతి దేశంలో ఎక్కడో గాని లేదు. 1988లో కరువు పర్యవేక్షణ విభాగంగా మొదలై, ఇప్పుడు యలహంక నుంచి నడుస్తున్న రాష్ట్ర ప్రకృతి వైపరీత్యాల పర్యవేక్షణ కేంద్రం ప్రతి గ్రామ పంచాయతీలో ఒక వానమాపకాన్ని పెట్టింది. సౌరశక్తితో నడిచి, పావుగంటకోసారి తనంతట తానే లెక్క పంపే మాపకం అది. ఆ కేంద్రం సహాయవాణి ‘వరుణ మిత్ర’కు ఫోన్ చేస్తే మనిషి గొంతే జవాబిస్తుంది. ద్రాక్షకు, మామిడికి వాతావరణ బీమా సొమ్ము తేల్చేది ఈ మాపకాల అంకెలే. డబ్బు తేల్చడానికి పనికొచ్చే కొలత మీ అంచనాకు మార్కు వెయ్యడానికి పనికిరాదా? ఒకవైపు మీరు ఇచ్చిన అంకె, ఇంకోవైపు మాపకాల నుంచి యలహంకకు చేరిన అంకె. రెండింటినీ పక్కపక్కన పెట్టడానికి సూపర్ కంప్యూటర్ కూడా అక్కర్లేదు. ఒక డిగ్రీ కుర్రాడు, ఒక ల్యాప్‌టాప్ చాలు. (మాపకాల మీద చెట్టుకొమ్మలు వాలినవి, పక్షులు గూడు పెట్టినవి తీసేసే పని మాత్రం ముందు చెయ్యాలి. ఏడాదికోసారైనా ఎవరో ఒకరు నిచ్చెనెక్కి చూడాలి.)

రాడార్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రాడార్ కిరణం నేరుగా పోతుంటే భూమి కిందికి వంగిపోతుంది. 250 కిలోమీటర్ల దూరం వచ్చేసరికి ఆ కిరణం నేలకు ఐదారు కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. చెన్నై రాడార్ నుంచి మేం దాదాపు అంత దూరంలోనే ఉన్నాం. మా మబ్బు అడుగున ఏం జరుగుతోందో అక్కడినుంచి కనబడదు. దేశంలో 40 రాడార్లను 100కు పెంచుతామన్నారు. నంది కొండల చుట్టూ ఉన్న నేలను కిలోమీటరు ఎత్తు నుంచి చూడగలిగే దగ్గరలో ఒకటి ఉండేలా చూడండి. పంట మీద వడగళ్లు పడతాయని మూడు గంటల ముందు చెప్పడం మోడల్ వల్ల కాదు, రాడార్ వల్లే అవుతుంది.

రైతుకు పాళ్ల లెక్క చెప్తే అర్థం కాదు, కంగారు పడతాడు అనే మాట మీ కార్యాలయాల్లో వినబడుతుంటుంది. మా పక్కనే జవాబుంది. బెంగళూరు ఐఐఎస్‌సీలో పనిచేసి, 2025లో కన్నుమూసిన సులోచన గాడ్గిల్ గారు రుతుపవనాల మేఘపట్టీ ఎలా ఉత్తరానికి జరుగుతుందో డి.ఆర్. సిక్కాతో కలిసి 1980లో చూపినవారు. అంత పెద్ద శాస్త్రవేత్త అనంతపురం, పావగడ రైతులతో కూర్చుని, శెనక్కాయ ఎప్పుడు విత్తితే నష్టం పాలు తక్కువ అనే ప్రశ్నను వాళ్ల నోటినుంచే తీసుకుని, ఏళ్ల నాటి వాన లెక్కలను పంట మోడల్‌లో వేసి జవాబు వెతికారు. పావగడ మాలాగే కర్ణాటకలో ఉన్న తెలుగు తాలూకా. ప్రశ్న రైతు అడిగితే మోడల్ ఎంత పనికొస్తుందో ఆ పని చూపిస్తుంది.

ఇంకో జవాబు తెలంగాణది. 250 ఊళ్లలో, రుతుపవనాలు ఎప్పుడు వస్తాయో నెలకు పైగా ముందు కొందరు రైతులకు చెప్పి, ఏం చేస్తారో షికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు, వాళ్ల సహచరులు గమనించారు. ఆలస్యం అని విన్నవాళ్లు సాగు తగ్గించుకున్నారు. ముందే అని విన్నవాళ్లు పెట్టుబడి పెంచారు. ఎవరూ కంగారు పడలేదు. 2025లో కేంద్ర వ్యవసాయ శాఖ 13 రాష్ట్రాల్లో 3.8 కోట్ల మంది రైతులకు కృత్రిమ మేధ మోడళ్లతో రుతుపవన ఆగమన అంచనాలను ఎస్ఎంఎస్‌గా పంపింది. మధ్యలో రుతుపవనాలు మూడు వారాలపాటు ఆగిపోతాయన్న సంగతిని కూడా అవి పట్టుకున్నాయి. అంటే ముందుచూపు రైతుదాకా పంపే దారి ఉంది. మార్కులు పంపే దారీ అదే.

అసలు మేం పాళ్లకు కొత్తవాళ్లం కాము. కార్తెలంటే ఏమిటి? పదమూడు పద్నాలుగు రోజుల గళ్లు. ఒక్కో గడిలో వాన పడే పాలు ఎంతో తరాల అనుభవంతో కట్టిన లెక్క. ‘ఉత్తర చూసి ఎత్తర గంప’ అన్నారు. ఉత్తర కార్తె సెప్టెంబరు రెండో వారంలో వస్తుంది. అప్పటికీ వాన లేకపోతే గంప నెత్తికెత్తుకుని ఊరు విడిచిపొమ్మని. (ఇప్పుడు గంప బదులు బ్యాగు, జాతీయ రహదారి 44 మీద బెంగళూరు బస్సు.) అందులో నాకు నచ్చేది వాన గురించి చెప్పడంతో ఆగకపోవడం. ఏ తేదీకి ఏం తేల్చుకోవాలో కూడా అందులోనే ఉంది. మీ బులెటిన్‌లో ‘చెదురుమదురు జల్లులు’ ఉంటాయి, తేల్చుకునే తేదీ ఉండదు.

చింతామణి తాలూకా కైవారంలో నారాయణప్ప తాతయ్య తెలుగులో కాలజ్ఞానం చెప్పాడు. దానికి తప్పొప్పుల పట్టిక ఎవరూ అడగరు, అడగకూడదు కూడా. మీది కాలజ్ఞానం కాదు, శాస్త్రం. శాస్త్రాన్ని అడిగే హక్కు మాకుంది. అడగడమే దానికి మర్యాద.

ఈ పట్టికను చదివి చెప్పే మనిషి కూడా కావాలి. 2018 తర్వాత కృషి విజ్ఞాన కేంద్రాల్లో జిల్లా వ్యవసాయ వాతావరణ యూనిట్లు పెట్టారు. దేశంలో 199 ఉండేవి. 2024లో వాటిని మూసేశారు. అంచనా పంచాయతీ దాకా దిగిన ఏడాదిలోనే దాన్ని రైతు ముందు విప్పి చెప్పే బల్ల ఎత్తేశారు. ఈ రెండు నిర్ణయాలూ ఒకే ప్రభుత్వం తీసుకుందంటే నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు. చింతామణి దగ్గర కురుబూరులో మా జిల్లా కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. పక్కనే పట్టు పరిశ్రమ కళాశాల ఉంది. పట్టికలు వేసే కుర్రాళ్లకు అక్కడ కొదవ లేదు.

కాబట్టి వచ్చే ముంగారు వానల నుంచి మా మూడు తాలూకాల్లో మొదలుపెట్టండి. ప్రతి బులెటిన్‌లో మిల్లీమీటర్ల పక్కన పాళ్లు వెయ్యండి. రోజును ఉదయం, సాయంత్రం, రాత్రి అని మూడు ముక్కలు చెయ్యండి, మీ మోడల్ వేళ తప్పుతుందో లేదో అప్పుడే తేలుతుంది. మీ లెక్కలో ఒక రోజును వాన రోజు అనాలంటే 2.5 మిల్లీమీటర్లు పడాలి. మాకూ అదే కొలత చాలు. నెల తిరిగేసరికి ఒక పేజీ: పదికి ఏడు పాళ్లు అని చెప్పిన రోజులు ఎన్ని, వాటిలో వాన నిజంగా పడినవి ఎన్ని. పదికి రెండు అన్న రోజుల్లో పడి ముంచినవి ఎన్ని. వాయుగుండం వాన వేరు, ఉరుముల వాన వేరు. ఇదంతా హోబళి (తాలూకాలో ఒక భాగం) వారీగా. ఆ పేజీ పంచాయతీ బోర్డు మీద అంటించండి, యాప్‌లో పెట్టండి, కన్నడంతోపాటు బాగేపల్లి, చింతామణి వైపు తెలుగులో గొంతుతో కూడా పంపండి. చదవడం రాని ముసలివాళ్లే ఇంకా మా దగ్గర విత్తనం రోజు తేల్చేది.

బాగేపల్లికి పదికి నాలుగు మార్కులే వచ్చినా వెయ్యండి. టమాటా రైతు ఆ నాలుగును చూసి మందు ఎప్పుడు కొట్టాలో తేల్చుకుంటాడు. రాగి రైతు కోతకు కూలీలను ఏ రోజు పిలవాలో తేల్చుకుంటాడు. ఏ వానను మోడల్ పట్టలేకపోతోందో పుణేలో ఉన్న మీ శాస్త్రవేత్తలకూ అక్కడే తెలుస్తుంది. ఉష్ణమండల మేఘాన్ని లెక్కలో పట్టడం ప్రపంచంలో ఎవరికీ ఇంకా పూర్తిగా చేతకాలేదు. చేతకాని చోటు ఎక్కడుందో గీసిపెట్టిన పటం మా తాలూకాల నుంచి వస్తే మాకు అభ్యంతరం లేదు.

జవాబు ఇంగ్లిష్‌లో రాసినా, హిందీలో రాసినా ఎవరిచేతనైనా చదివించుకుంటాం. తెలుగులో రాస్తే పంచాయతీ కట్ట మీద నేనే చదివి వినిపిస్తాను.

ఇట్లు,
బాగేపల్లి తాలూకా రైతు ఒకరు